చెత్త కేంద్రం దగ్గర ఈగలు, ఎలుకలు: అవి ఏం చెబుతున్నాయి? ఫిర్యాదు చేసే ముందు ఏం చూడాలి?

కాలనీ పక్కనున్న పొడి చెత్త కేంద్రం నుంచి ఈగలు వస్తున్నాయని వాట్సాప్ గ్రూపులో ఎవరో వీడియో పెడతారు. మున్సిపల్ యాప్‌లో ఫిర్యాదు పడుతుంది. మర్నాడు సిబ్బంది వచ్చి మందు కొడతారు, ఫొటో తీసుకుంటారు, ఫిర్యాదు ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ వస్తుంది. రెండు మూడు రోజులు ప్రశాంతంగా ఉంటుంది. వారం, పది రోజులు తిరిగేసరికి ఈగలు మళ్లీ హాజరు.

నగరాల్లో ఇది కొత్త కథేమీ కాదు. అయితే ఇందులో ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. ఈగలు తిరిగి రావడానికి పట్టిన ఆ వారం, పది రోజుల గడువే అక్కడి పరిస్థితి గురించి చాలా చెబుతుంది. లోపల చెత్త ఎన్ని రోజుల నుంచి కదలకుండా పడి ఉంది, అందులో తడి ఎంత కలిసింది, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి అనే ప్రశ్నలకు ఈగ, దోమ, ఎలుక, బొద్దింక ఒక్కోటి ఒక్కో జవాబు ఇస్తాయి. ల్యాబ్ అక్కర్లేదు, చూడటం తెలిస్తే చాలు.

అలాగని అవి అన్నీ చెబుతాయనుకుంటే పొరపాటే. రీసైక్లింగ్ జరిగే చోట అన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం గురించి అవి నోరు మెదపవు. దాని సంగతి కూడా కింద చూద్దాం.

వారం లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంటి ఈగ ఒక్కో విడతలో వంద నుంచి నూట యాభై గుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో ఆ గుడ్లు ఒక్క రోజు లోపే పగిలి తెల్లటి పురుగులు బయటికొస్తాయి. ఆ పురుగు నాలుగు నుంచి ఏడు రోజులు తడి చెత్తలో తిని పెరుగుతుంది. తర్వాత తిండి మానేసి, పొడిగా ఉండే చోటు వెతుక్కుంటూ పాక్కుంటూ పోయి గూడు కట్టుకుంటుంది. ఈ దశనే ప్యూపా అంటారు. మరో మూడు నుంచి ఆరు రోజుల్లో అందులోంచి రెక్కలున్న ఈగ వస్తుంది. వేడిగా ఉన్న రోజుల్లో ఈ తతంగమంతా వారం నుంచి పది రోజుల్లో ముగుస్తుంది.

పొగ మందు, స్ప్రే మందు తగిలేది ఎగిరే ఈగలకే. చెత్త గుట్ట లోపలున్న పురుగులకు, గూళ్లలో ఉన్నవాటికి దాదాపు ఏమీ కాదు. అందుకే మందు కొట్టిన వారానికి కొత్త తరం లేస్తుంది. మందు పదేపదే వాడితే దానికి తట్టుకునే ఈగలే మిగులుతాయి. డీడీటీ వాడకం మొదలైన కొద్ది ఏళ్లకే, 1940ల చివర్లోనే, ఐరోపాలో దానికి లొంగని ఇంటి ఈగలు కనిపించాయి.

దీన్నే తిప్పి చదివితే ఒక సూత్రం దొరుకుతుంది. ఒక కేంద్రానికి వచ్చిన చెత్త మూడు, నాలుగు రోజుల్లో అక్కడి నుంచి కదిలిపోతే, అక్కడ పెట్టిన గుడ్డు అక్కడే ఈగ అయ్యే అవకాశం లేదు. ఈగలు అక్కడే పుడుతున్నాయంటే ఏదో ఒక మూల చెత్త కనీసం వారం రోజులుగా కదల్లేదన్నమాట. రికార్డుల్లో ‘రోజూ ఖాళీ చేస్తున్నాం’ అని రాసి ఉన్నా సరే.

మరి ఈగలు అక్కడ పుట్టినవో, బయటి నుంచి వచ్చినవో ఎలా తెలుస్తుంది? ఎగిరే ఈగను చూసి చెప్పలేం. ఇంటి ఈగ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు సులభంగా వెళ్లగలదు. పక్క వీధిలో చికెన్ షాపు ఉన్నా, పశువుల పాక ఉన్నా అక్కడివే ఇక్కడికి రావచ్చు. కాబట్టి నేల మీద చూడాలి. గోడ అంచున, సంచుల కింద, బేళ్ల అడుగున ముదురు గోధుమ రంగులో, ఆరు మిల్లీమీటర్ల పొడవున, చిన్న పీపాల్లాంటి గూళ్లు కనిపిస్తే అవి ఇక్కడే పుడుతున్నట్టు. ఆ గూళ్లు ఒక చివర తెరుచుకుని ఖాళీగా ఉంటే ఓ తరం ఇప్పటికే ఎగిరిపోయింది.

ప్లాస్టిక్, అట్టముక్కల్లో ఈగకు తిండెక్కడిది?

అసలు ఈ ప్రశ్న మొదట రావాలి. పొడి చెత్త కేంద్రంలో ఉండాల్సింది కాగితం, అట్ట, ప్లాస్టిక్, గాజు, లోహం. వీటిలో ఈగ పిల్ల తినగలిగింది ఒక్కటీ లేదు. కాబట్టి అక్కడ ఈగలు పుడుతున్నాయంటే పొడిలో తడి కలిసి వస్తోందని అర్థం. ఆ తప్పు చాలా వరకు కేంద్రం గేటు లోపల జరిగింది కాదు. మన వంటింటి చెత్తబుట్ట దగ్గరే జరిగింది.

ఏ రకం ఈగ అనేది చూస్తే ఏం కలిసిందో కూడా కొంత తెలుస్తుంది.

బూడిద రంగులో ఉండే మామూలు ఇంటి ఈగ కుళ్లే ఆహారం మీద, పేడ మీద బతుకుతుంది. బిర్యానీ పార్సిళ్లు, పెరుగు డబ్బాలు, కడగని పాల ప్యాకెట్లు దానికి చాలు. ఆకుపచ్చగానో నీలంగానో లోహంలా మెరిసే పెద్ద ఈగ సంగతి వేరు. దానికి మాంసం, చేపలు, చచ్చిన ఎలుక లాంటివి కావాలి. మలం ఉన్నచోట కూడా చేరుతుంది. సార్టింగ్ టేబుల్ మీద ఇవి ఎక్కువగా కనిపిస్తే చికెన్ వ్యర్థాలో, వాడేసిన డైపర్లో పొడి చెత్తలోకి వస్తున్నాయన్న మాట. మన ఇళ్లల్లో ఆదివారం వంట ఏమిటో తెలిసిందే కాబట్టి సోమవారం వచ్చే లోడును ప్రత్యేకంగా చూడటం మంచిది.

ఎర్రటి కళ్లతో నువ్వు గింజంత ఉండే పండు ఈగ పులిసిన తీపి కోసం వస్తుంది. కూల్‌డ్రింక్, జ్యూస్, బీరు సీసాల అడుగున మిగిలిన చుక్కలు దానికి విందు. సీసాల సంచుల చుట్టూనే ఇవి తిరుగుతుంటే పెద్దగా కంగారు పడాల్సింది లేదు, ఆ సంచులు తొందరగా పంపేస్తే సరిపోతుంది. ఇక చిన్న చిమ్మటలా బొచ్చు రెక్కలతో గోడకు అతుక్కుని కూర్చునే ఈగ చెత్తలోంచి వచ్చింది కాదు. అది మురుగు కాల్వ గోడలకు పట్టిన జిడ్డు మురికిలో పెరుగుతుంది. ఆ ఈగ కనిపిస్తే చూడాల్సింది చెత్తను కాదు, కడిగిన నీళ్లు పోయే డ్రైనేజీని.

నాలుగు రకాల ఈగలకు నాలుగు వేర్వేరు కారణాలు. వీటన్నిటికీ ఒకే మందు డబ్బా పరిష్కారం అనుకోవడం దగ్గరే మున్సిపాలిటీలు, మనమూ పప్పులో కాలేస్తున్నాం.

దోమ చెప్పేది నీళ్ల సంగతి

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు మురికి నీళ్లు నచ్చవు. వాన నీళ్లు నిలిచిన టైరు, బకెట్, మూత లేని డ్రమ్ము, కూల్‌డ్రింక్ డబ్బా, పాత కమోడ్, బ్యాటరీ పెట్టె చాలు. అంటే పాత సామాన్ల కొట్టు దానికి రెడీమేడ్ కాలనీ. ఈ దోమ నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ వాన పడి నీళ్లు తాకగానే పగులుతాయి. అందుకే వేసవిలో పొడిగా కనిపించిన టైర్ల గుట్ట తొలకరి పడిన వారం, పది రోజులకు దోమల్ని వదులుతుంది.

పాత టైర్లతో పాటు దోమ ఖండాలు కూడా దాటింది. ఆసియాకు చెందిన పులి చారల దోమ, అంటే ఏడిస్ ఆల్బోపిక్టస్, అమెరికాలో స్థిరపడినట్టు 1985లో టెక్సాస్‌లోని హ్యూస్టన్ ప్రాంతంలో గుర్తించారు. రీట్రేడింగ్ కోసం ఆసియా నుంచి దిగుమతి చేసుకున్న పాత టైర్లలో గుడ్లు వచ్చాయన్నది అక్కడి నిపుణుల నిర్ధారణ. ఆ తర్వాత చాలా దేశాల్లోకి ఇది ఇదే దారిన చేరింది.

క్యూలెక్స్ దోమ దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి కుళ్లిన, సేంద్రియ మురికి నిండిన నీళ్లే కావాలి. చెత్త గుట్ట అడుగు నుంచి కారే నల్లటి ఊటను లీచేట్ అంటారు. అది కాల్వలో, గుంటలో నిలిచిపోతే క్యూలెక్స్ పిల్లలు ఆ నీటిలో గిలగిల కొట్టుకుంటూ కనిపిస్తాయి. సాయంత్రం చీకటి పడ్డాక, రాత్రంతా కుట్టేది ఎక్కువగా ఇదే. బోదకాలు వ్యాధి మన దగ్గర దీని ద్వారానే సోకుతుంది. ఏడిస్ మాత్రం పగలు కుడుతుంది, ముఖ్యంగా ఉదయం పూట, సాయంత్రం పొద్దు గుంకే ముందు.

కాబట్టి కేంద్రం చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గమనించాల్సింది ‘దోమలు ఉన్నాయా’ అని కాదు, ‘ఎప్పుడు కుడుతున్నాయి’ అని. పగలు కుడుతుంటే పైకప్పు లేని సామాను వెతకాలి. రాత్రి కుడుతుంటే కాల్వ వెతకాలి. ఏడిస్ పుట్టిన చోటు నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి పోదు. అంటే అది పుట్టింది మీ డాబా మీదున్న పూలకుండీ పళ్లెంలో కూడా కావచ్చు. నింద వేసే ముందు అది కూడా చూసుకోవాలి.

ఎలుక, చిట్టెలుక, పందికొక్కు ఒకటి కావు

మూడింటినీ కలిపి ఎలుకలు అనేస్తాం కానీ, అవి ఉండే చోట్లు వేరు, చెప్పే సంగతులు వేరు.

చిట్టెలుకకు తాగడానికి నీళ్లు విడిగా అక్కర్లేదు, తినే తిండిలోని తేమతోనే సరిపెట్టుకోగలదు. అందుకే పూర్తిగా పొడిగా ఉన్న కాగితాల గోడౌన్‌లో కూడా అది కాపురం పెడుతుంది. అక్కడ బియ్యపు గింజ కన్నా చిన్న రెట్టలు, చింపిన కాగితాల గూళ్లు కనిపిస్తే సరుకు చాలా రోజులుగా కదల్లేదని అర్థం. ధర పెరుగుతుందని అట్ట బేళ్లను నెలల తరబడి నిల్వ ఉంచే గోడౌన్లలో ఇది మామూలే.

పెద్ద ఎలుకకు రోజూ నీళ్లు కావాలి, తిండీ ఎక్కువ కావాలి. సన్నటి, పొడవు తోక ఉన్న నల్ల ఎలుక ఎక్కడంలో దిట్ట. బేళ్ల పైవరసల్లో, రేకుల కింద దూలాల మీద ఉంటుంది. దాని రెట్టలు అర అంగుళం దాకా ఉంటాయి. పందికొక్కు నేలను తవ్వుతుంది. బొరియ నోటి దగ్గర మట్టి పోగు దాని ఆనవాలు. పందికొక్కు బొరియలు కనిపించాయంటే కేంద్రానికి గట్టి గచ్చు లేదు, లేదా కాల్వ అంచు కూలిపోయింది. అక్కడ విషపు ఎర పెట్టడం కన్నా సిమెంటు వేయడం ఎక్కువ పని చేస్తుంది.

రెట్టలు మెత్తగా, నిగనిగలాడుతుంటే తాజావి. ఎండి, బూడిద రంగులోకి మారి, వేలితో నొక్కితే పొడి అయితే పాతవి. ఎలుక రోజూ ఒకే దారిలో గోడకు రాసుకుంటూ పోతుంది కాబట్టి ఆ దారిన జిడ్డు మరక పడుతుంది. అనుమానం ఉంటే రాత్రి ఆ దారిలో కాస్త టాల్కం పౌడర్ చల్లితే పొద్దున్నే అడుగులు కనిపిస్తాయి. అర అంగుళం సందు దొరికితే ఎలుక పిల్ల దూరిపోతుందని గుర్తుంచుకుంటే తలుపు కింద సందుకు రేకు ఎందుకు కొట్టాలో తెలుస్తుంది.

పాము కనిపించిందని ఫోన్లు వచ్చే కేంద్రాలు కూడా ఉంటాయి. జెర్రిపోతు గానీ నాగుపాము గానీ చెత్త కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. పామును పట్టించి వదిలిపెట్టడం అవసరమే, కానీ ఎలుకలు అలాగే ఉంటే ఇంకోటి వస్తుంది.

బొద్దింకలు, గద్దలు

బొద్దింకల్లో రెండు రకాలు మనకు బాగా తెలుసు. ఎర్రగా, బొటనవేలంత పొడవుండేది డ్రైనేజీ నుంచి వస్తుంది. అరంగుళం మాత్రమే ఉండే లేత గోధుమ రంగుది ఇళ్లలో, హోటళ్లలో వెచ్చటి సందుల్లో ఉంటుంది. పాత ఫ్రిజ్, మైక్రోవేవ్, సెట్‌టాప్ బాక్సు విప్పగానే లోపలి నుంచి ఇవి పరుగులు తీశాయంటే అవి ఆ సామానుతోనే ఎవరి ఇంటి నుంచో వచ్చినవి. ఆ పూటకు అవి కేంద్రం శుభ్రత గురించి ఏమీ చెప్పడం లేదు. నెల తర్వాత అట్టపెట్టెల మడతల్లో కూడా అవే కనిపిస్తే అప్పుడు చెబుతున్నట్టు.

గద్దలు, కొంగలు, కాకులు గుంపుగా తిరుగుతుంటే పైకప్పు లేకుండా మాంసం, ఆహార వ్యర్థాలు పడి ఉన్నాయని దూరం నుంచే తెలిసిపోతుంది. పొడి చెత్త కేంద్రం మీద గద్దలు తిరగాల్సిన పని లేదు. విమానాశ్రయాల దగ్గర ఇది ప్రాణాల మీదకు వచ్చే సంగతి కాబట్టే 1937 నాటి విమాన నిబంధనల్లోని 91వ నిబంధన విమానాశ్రయానికి పది కిలోమీటర్ల పరిధిలో పక్షుల్ని ఆకర్షించేలా చెత్త పారబోయడాన్ని, జంతువధను నిషేధించింది.

కంపోస్టులో పురుగులు కనిపిస్తే?

ఇక్కడ చాలామంది పొరబడతారు. అపార్ట్‌మెంట్ కంపోస్టు తొట్టిలో చదునుగా, గట్టిగా, గోధుమ రంగులో, చిటికెన వేలి గోరు కన్నా పొడవుగా ఉన్న పురుగులు కుప్పలుగా కనిపిస్తే అవి ఇంటి ఈగ పిల్లలు కాకపోవచ్చు. నల్ల సైనిక ఈగ పిల్లలు అయ్యుంటాయి. పెద్దయ్యాక ఆ ఈగ కుట్టదు, వంటింటి తిండి మీద వాలే అలవాటూ దానికి లేదు. దాని పిల్లలు తడి చెత్తను వేగంగా తినేస్తాయి. అవి దండిగా ఉన్నచోట ఇంటి ఈగలు పెరగడం తగ్గుతుంది. కోళ్లకు, చేపలకు మేతగా వీటిని పనిగట్టుకుని పెంచే యూనిట్లు కూడా ఉన్నాయి. అయితే అవి మరీ ఎక్కువగా ఉంటే తొట్టిలో తడి పెరిగిందని లెక్క. ఎండుటాకులో, రంపపు పొట్టో కలపాలి.

ఇంటి ఈగ పిల్లలు, గూళ్లు మాత్రం కంపోస్టు కుప్ప లోపలి పొరల్లో కనిపిస్తే అది వేరే కబురు. సరిగా మగ్గుతున్న కుప్ప మధ్యలో వేడి 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో పురుగు బతకదు. బతికిందంటే కుప్ప వేడెక్కలేదు. వేడెక్కకపోతే చెత్తలోని రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు కూడా చావలేదన్నమాటే. ‘ఎరువు రెడీ’ అని సంచిలో పోసి ఇచ్చినా దాన్ని కూరగాయల మడిలో వేసే ముందు ఆలోచించుకోవాలి. చీమలు పుట్ట పెడితే కుప్ప మరీ పొడిబారిందని గుర్తు.

పురుగూ పుట్రా లేదంటే చోటు శుభ్రంగా ఉన్నట్టేనా?

కాదు. పైన చెప్పిన ప్రమాదం ఇదే.

ఈగ, దోమ, ఎలుక చెప్పేవి మూడే మూడు సంగతులు: తిండి, తడి, కాలం. విషం గురించి అవి చెప్పవు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో, సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో ముంచి రాగి, బంగారం తీసే గదిలో, రాగి కోసం కేబుళ్లు తగలబెట్టే ఖాళీ స్థలంలో ఈగ ఒక్కటి కూడా కనిపించకపోవచ్చు. అక్కడ దానికి తినడానికి ఏమీ లేదు మరి. కానీ ఆ నేలలో, ఆ ధూళిలో చేరిన సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఎంత తక్కువైతే ప్రమాదం లేదని చెప్పగలిగే హద్దే సీసానికి లేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఈగలు ముసిరే చెత్త కేంద్రం మీద కాలనీ మొత్తం గగ్గోలు పెడుతుంది. వాసన లేని బ్యాటరీ షెడ్డు మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. రెండో దానికి కావాల్సింది మున్సిపల్ పొగ బండి కాదు, కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ, మట్టి పరీక్ష, అక్కడ పనిచేసేవాళ్లకు రక్త పరీక్ష.

ఇంకో సంగతి. కేంద్రంలో రెండు రోజులకోసారి పురుగుమందు కొడుతుంటే ఈగలు కనిపించవు. థర్మామీటర్‌ను మంచు నీళ్లలో పెట్టి జ్వరం తగ్గిందనుకోవడం లాంటిది అది. పైగా ఆ మందు పడిన ప్లాస్టిక్‌ను, అట్టలను తర్వాత చేత్తో ఏరేది అక్కడి మహిళలే.

లోపల పనిచేసేవాళ్లకు ఏమవుతుంది?

చుట్టుపక్కల ఇళ్లకు ఈగలు చిరాకు. లోపల రోజుకు ఎనిమిది గంటలు చెత్త వేరు చేసేవాళ్లకు అవి జబ్బు. ఈగలు కాళ్లకు, ఒంటికి అంటించుకుని తెచ్చే క్రిములతో వాంతులు, విరేచనాలు వస్తాయి. మధ్యాహ్నం వాళ్లు అన్నం తినే చోటు సార్టింగ్ టేబుల్‌కు ఎంత దూరంలో ఉంది, చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉందా అన్నది ఈగల సంఖ్య కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌ను మన దగ్గర ఎలుక జ్వరం అంటారు. వాన నీళ్లలో కలిసిన ఆ క్రిమి కాలి పగుళ్ల గుండా, చేతి మీద గాజు పెంకు చేసిన గాటు గుండా ఒంట్లోకి వెళ్తుంది. తీవ్ర జ్వరం, పిక్కల్లో భరించలేని నొప్పి, కళ్లు ఎర్రబడటం దీని లక్షణాలు. సోకిన తర్వాత బయటపడటానికి తరచుగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ముందుగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది, ఆలస్యమైతే కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. చెత్త పనిలో ఉన్నవాళ్లకు వానాకాలంలో జ్వరమొస్తే డాక్టరుకు తాము చేసే పని ఏమిటో తప్పక చెప్పాలి. డెంగీ పరీక్ష నెగెటివ్ రాగానే ‘వైరల్ ఫీవర్’ అని పంపేస్తే ఇది తప్పిపోతుంది.

చెత్త కేంద్రం నడిపేవాళ్లు కార్మికులకు గ్లౌజులు, రెయిన్‌కోట్లు, తగిన బూట్లు, మాస్కులు ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. గ్లౌజులు చాలాచోట్ల కనిపిస్తాయి. బూట్లు కనిపించవు. ఎలుక జ్వరం వచ్చేదేమో కాళ్ల నుంచే.

కొలిచే పద్ధతులు ఉన్నాయా?

ఉన్నాయి, పెద్ద ఖర్చు కూడా కాదు. చెక్క పట్టీలను వరసగా బిగించిన ఒక జాలీని ఈగలు ఎక్కువగా ఉన్నచోట నేల మీద పెట్టి, ముప్పై సెకన్లలో దాని మీద ఎన్ని ఈగలు వాలాయో లెక్కిస్తారు. దీన్ని స్కడర్ గ్రిల్ అంటారు. 1940ల్లో అమెరికాలో రూపొందింది. పది సార్లు లెక్కించి, ఎక్కువ వచ్చిన ఐదు అంకెల సగటు తీసుకుంటారు. సగటు 2 లోపు ఉంటే తక్కువ, 20 దాటితే చాలా ఎక్కువ అనే మెట్లు ఇండోనేషియాలో వాడుకలో ఉన్నాయి. అంతకన్నా తేలిక పద్ధతి కోళ్ల ఫారాల్లో ఉంది. తెల్ల కార్డును దూలానికి వేలాడదీసి, వారం తర్వాత దాని మీద ఈగలు వేసిన చుక్కలు లెక్కిస్తారు.

ఏ పద్ధతి వాడినా ఒక రోజు లెక్కకు విలువ లేదు. ప్రతి వారం అదే రోజు, అదే సమయానికి, అదే చోట కొలవాలి. కేంద్రానికి రెండు మూడు వందల మీటర్ల దూరంలో ఇంకో చోట కూడా కొలిస్తే, వానాకాలం వల్ల ఊరంతా పెరిగాయో, ఇక్కడే పెరిగాయో తేలుతుంది.

బ్రిటన్‌లో ఈ విషయం లైసెన్సు దాకా వెళ్లింది. అక్కడి చెత్త కేంద్రాలకు ఇచ్చే పర్యావరణ అనుమతుల్లో, తమ హద్దు దాటి ఇబ్బంది కలిగించేలా ఈగలు, ఎలుకలు లాంటివి ఉండకూడదన్న షరతు పెడతారు. అవసరమైతే నివారణ ప్రణాళికను రాతపూర్వకంగా ఇమ్మని అడుగుతారు. మన నగరాల్లో దోమల లార్వా సర్వేలు చేసే ఎంటమాలజీ సిబ్బంది ఎలాగూ ఉన్నారు. ఇళ్లకు వెళ్లే ఆ సర్వే జాబితాలో పొడి చెత్త కేంద్రాలను, స్క్రాప్ గోడౌన్లను, టైర్ల షాపులను ముందు వరసలో పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఫిర్యాదులో ఏం రాయాలి?

‘ఈగలు ఎక్కువగా ఉన్నాయి, చర్య తీసుకోండి’ అని రాస్తే వచ్చే చర్య పొగ బండి. దాని బదులు చూసింది రాయండి. ఉదాహరణకు: ‘కేంద్రం వెనక గోడ దగ్గర సంచుల కింద ఈగ గూళ్లు ఉన్నాయి. ఆ సంచులు రెండు వారాలుగా కదల్లేదు. వాటిని తరలించాలి.’ లేదా: ‘పగటి పూట దోమలు కుడుతున్నాయి. షెడ్డు బయట సుమారు ముప్పై టైర్లలో నీళ్లు ఉన్నాయి. పైకప్పు కిందికి మార్చాలి.’ ఫొటో పెట్టేటప్పుడు ఎగిరే ఈగను కాకుండా సంచిని, టైరును, బొరియను తీయండి. పనిచేసేవాళ్ల ముఖాలు పడకుండా చూడండి. లోపలికి వెళ్లాలనుకుంటే సూపర్‌వైజర్‌ను అడిగి వెళ్లండి. చాలామంది చూపిస్తారు, లారీ రావడం లేదన్న తమ గోడు కూడా చెప్పుకుంటారు.

ఫిర్యాదు చెత్త తరలింపు గురించి అయితే పారిశుద్ధ్య విభాగానికి, దోమల గురించి అయితే ఎంటమాలజీ లేదా మలేరియా విభాగానికి, పొగ, ఆమ్లం వాసన, బ్యాటరీలు, కేబుళ్ల గురించి అయితే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లాలి. నగరపాలక సంస్థ యాప్‌తో పాటు కేంద్రం తెచ్చిన ‘స్వచ్ఛత’ యాప్ కూడా ఉంది. మూసేసిన ఫిర్యాదును పదో రోజున మళ్లీ చూసుకోండి. కారణం పోయిందా, ఈగలు మాత్రమే పోయాయా అన్నది అప్పుడే తెలుస్తుంది.

‘ఆ కేంద్రాన్నే ఇక్కడి నుంచి ఎత్తేయండి’ అని అడగడం సులభమే. ఎత్తేస్తే అక్కడికి వచ్చే ప్లాస్టిక్ మాయం కాదు. డంపింగ్ యార్డుకు పోతుంది, లేదా ఏ ఖాళీ ప్లాటులోనో కాలుతుంది. ఏరుకుని బతికే కుటుంబాల ఉపాధీ పోతుంది.

ఇంటి దగ్గర చేయాల్సింది చిన్న పనే. పాల ప్యాకెట్‌ను, పెరుగు డబ్బాను, సాస్ సీసాను అంట్లు తోమిన నీళ్లతో ఓసారి తొలిపి, బోర్లించి ఆరబెట్టి పొడి బుట్టలో వేయాలి. పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించి ఆ ముక్కను విడిగా పడేయకుండా ప్యాకెట్‌కే వేలాడేలా వదిలేస్తే ఆ ముక్క కూడా రీసైక్లింగ్‌కు పోతుంది. తిన్న పార్సిల్ డబ్బాలో ఎముకలు వదిలేయొద్దు. డైపర్లు, శానిటరీ ప్యాడ్లను కాగితంలో చుట్టి, పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. చుట్టి ఇవ్వాలని 2016 నిబంధనలు కూడా చెప్పాయి. ఆటో అబ్బాయి రెండూ కలిపి ఒకే తొట్టిలో వేస్తున్నాడని మనం వేరు చేయడం మానేయడం చాలా ఇళ్లలో జరుగుతోంది. అలా కలిపేస్తుంటే ఆటో నంబరుతో, సమయంతో సహా ఆ సంగతే ఫిర్యాదుగా పెట్టండి.